మా పాటల పెట్టెలో చోటు



చిన్న యింటిలో పెద్ద సంసారమును సర్దుకొనుట యెట్లో మనకు వేరొకరు నేర్పనక్కరలేదు. మంచము క్రింద ట్రంకుపెట్టెలు, అటుకమీద పండుగ పాత్రలు, తలుపు వెనుక చీపురు, గూటిలో మందుబిళ్లలు. ఎచ్చటి వస్తువు నచ్చట నుంచినచో కొద్ది చోటే నలుగురికి సరిపోవును. మేము కాపురముండు ఇండ్లును అట్టివే. సంగారెడ్డి జిల్లా కొల్లూరులో, హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు ప్రక్కను, 2023వ సంవత్సరము జూను 22వ తేదీని ప్రారంభమైన రెండు పడకగదుల యిండ్ల కాలనీలో 15,660 ఇండ్లు కలవు. ఒక్కొక్క యిల్లు 560 చదరపుటడుగులు. ఆ కొలతలోనే అత్తమామలను, బిడ్డలను, కుట్టుమిషనును, బియ్యపు డబ్బాను ఇముడ్చుకొనుట నేర్చిన మేము, కంటికి కనబడని యొక పెట్టెను సర్దుకొనలేక, మరల దొరకని యొక వస్తువును పోగొట్టుకొంటిమి. ఆ సంగతి చెప్పవలెననియే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మేమనగా నలుగురము. ఒకరు కుట్టుపని చేయుదురు. ఒకరు అంగన్‌వాడీలో పిల్లలకు ఆటపాటలు నేర్పుదురు. ఒకరు పటాన్‌చెరువు పారిశ్రామికవాడలో మందుల కర్మాగారమున లెక్కలు వ్రాయుదురు. ఒకరు బి.యస్‌సి.లో కంప్యూటరు చదివి, ఇరువురు బిడ్డల తల్లియై ఇంటనే యున్నారు. నగరములోని వేర్వేరు బస్తీలనుండి ఈ కాలనీకి వచ్చి చేరినవారము. 2023 అక్టోబరులో ఇచ్చట మేము మొదటిసారి బతుకమ్మ నాడినప్పుడు మాకొక వింత తోచెను. ఒకే వలయములో తిరుగుచున్నను, ఒకరు ఎత్తుకొన్న పాట రెండవవారికి తెలియదు. మెదకు వారి పాట వేరు, పాలమూరు వారి పాట వేరు, ఓరుగల్లు వారి పాట వేరు. ఎన్నో జిల్లాల పాటలు ఒక్క ముంగిట చేరినవి. “వీనిని ఇప్పుడు పట్టి యుంచకపోయినయెడల మన పిల్లలకు డీజే పెట్టెలోని మోతలు తప్ప మరేమియు మిగులవు” అని మాలో నొకరనిరి. అట్లు తీరిక చిక్కినప్పుడెల్ల ఇంటింటికి పోయి, పెద్దల చేత పాడించి, ఫోనులో పాటలు పట్టుట మొదలిడితిమి.

పట్టిన పాటలను అందరును వినుటకు ఇంటర్నెట్టులో నొక తావు కావలెను. అందుకై నెలకు కొన్ని వందల రూపాయల యద్దెకు ఒక సర్వరు తీసికొంటిమి. సర్వరనగా నెచ్చటనో యొక పెద్ద భవనములో రేయింబవళ్లు మేలుకొని, అడిగినవారికి అడిగినది అందించు కంప్యూటరు. దానిలో మనకొక చిన్న వాటా నిత్తురు. అంతస్తుల భవనములో మాకొక యిల్లిచ్చినట్లే యని మేము నవ్వుకొంటిమి. మా వాటాకు వచ్చిన డిస్కు 25 జీబీ. దానిని నడుపునది లినక్సు. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయపు విద్యార్థియైన లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ఈ సాధనము ఎవరికైనను వెల లేక లభించును. ప్రపంచములోని వెబ్ సర్వర్లలో అధికభాగము నేడు దీనిమీదనే నడుచుచున్నవి. మన ఫోనులలో వలె ఇందు బొమ్మలు, బొత్తాములు ఉండవు. నల్లని తెరమీద అక్షరములతో ఆజ్ఞ వ్రాయవలెను. అది చెప్పినది చెప్పినట్లు చేయును. “నిజముగ చేయుమందురా?” అని మరల నడుగదు. ఈ తుది గుణమును చదువరులు జ్ఞాపకముంచుకొన వేడుచున్నాము.

ఫోనులో కుదింపక స్వచ్ఛముగా పట్టిన పాట నిమిషమునకు సుమారు 10 ఎంబీల చోటు తినును. దానినే ఎంపీ3గా మార్చినచో నిమిషమునకు ఒక ఎంబీ చాలును. వినువారికి ఎంపీ3 నిచ్చి, మూలప్రతిని భద్రపరుపవలెనని మా నియమము. ప్రతిరాత్రియు 2 గంటలకు, క్రొత్తగా వచ్చిన మూలప్రతులను సర్వరు తనంతట తానే ఎంపీ3లుగా మార్చునట్లు ఏర్పాటు చేసితిమి. ఏడాది తిరుగునప్పటికి 140 పాటలు, సుమారు 14 గంటల గానము చేరెను. మూలప్రతులే 9 జీబీలయ్యెను. మాకు గర్వముగా నుండెను. డిస్కులో ఎంత చోటు మిగిలినదో మాత్రము ఒక్కనాడైనను చూచుకొనలేదు.

2024 సెప్టెంబరు 29వ తేదీ, ఆదివారమునాడు, మా బ్లాకులోనే యుండు ఒక పెద్దమ్మ చేత పాడించితిమి. డెబ్బది యేండ్లు దాటిన మనిషి. పుట్టినది ఆందోలు ప్రాంతము. పెండ్లియై పట్నము వచ్చి, ఇటుకలు మోసి, ఊరివారి మేడలకు కూలి చేసి, బిడ్డలను పెంచినది. ఆమె పాడిన పాట మేమెన్నడును విని యుండలేదు. కరవు సంవత్సరమున తల్లిగారింటికి నడచిపోవు కూతురి కథ యది. దారిలో నొక్కొక్క చెరువు వచ్చినప్పుడు ఆ పిల్ల ఆ చెరువును పేరు పెట్టి పిలిచి, నీ నీరెటుపోయెనని యడుగును. చెరువొక్కొక్కటి యొక్కొక్క జవాబు చెప్పును. అట్లు ఏడు చెరువులు. ఏడవ చెరువు దాటిన తరువాత తల్లిగారి యూరు వచ్చును. పన్నెండు నిమిషముల పాట. ఆమె పాడుచుండగా ఇరుగుపొరుగు ఆడవారు ఒక్కొక్కరే వచ్చి చేరి, చప్పట్లు చరచుచు “ఉయ్యాలో” యని అందుకొనిరి. ఆనాటి సాయంకాలమే మూలప్రతిని సర్వరుకు పంపితిమి. ఫోనులో చోటు లేదని ఫోనులోని ప్రతిని తుడిచివేసితిమి.

అక్టోబరు 2వ తేదీ ఎంగిలిపూల బతుకమ్మ. తంగేడు, గునుగు, బంతి పూలు ముందర పోసికొని పేర్చుచున్న వేళ, మా వెబ్‌సైటు తెరచుకొనకపోయెను. డేటాబేసు పలుకుట లేదన్న వ్రాత యొక్కటే తెరమీద కనబడుచుండెను. లోనికి పోయి చూడగా, ఏ పని చెప్పినను చోటు మిగులలేదన్న జవాబే. ముంగిటిలో స్పీకరు పెట్టి మా పాటలే వినిపింపవలెనని కాలనీవారు ఎదురుచూచుచున్నారు. “మీ పాటల సైటు పోయిందా అక్కా?” అని పిల్లలు నిమిషమునకొకసారి వచ్చి యడుగుచున్నారు. ఇంటికి చుట్టములు వచ్చిన వేళ పొయ్యి ఆరినట్లుండెను మా స్థితి.

డిస్కు మొత్తము మీద ఎంత నిండినదో చెప్పు ఆజ్ఞ డీఎఫ్. అది నూటికి నూరనెను. ఏ ఫోల్డరు ఎంత తినుచున్నదో చెప్పు ఆజ్ఞ డీయూ. మేము దానిని మా పాటల ఫోల్డర్లమీద మాత్రమే నడిపి చూచితిమి. అన్నిటికంటె పెద్దది మూలప్రతులది, 9 జీబీలు. “ఎంపీ3లు ఉండనే యున్నవి గదా, మూలములు తీసివేసిన నష్టమేమి?” అని ఒకరనిరి. పేర్ల పట్టిక తీసి చూచితిమి. 140 మూలములకు 140 ఎంపీ3ల పేర్లు సరిగా కుదిరినవి. ఇక ఆలోచింపలేదు. ఆర్‌ఎం అను రెండక్షరముల ఆజ్ఞ వ్రాసితిమి. ఆ యాజ్ఞకు చెత్తబుట్ట యనునది లేదు. తుడిచినది తుడిచినట్లే. ఒక్క లిప్తలో 9 జీబీల చోటు వచ్చెను, సైటు లేచెను, పాట మ్రోగెను, మేమును బతుకమ్మల నెత్తుకొని ముంగిటికి పోతిమి. ఆ యాజ్ఞ వ్రాసిన వ్రేళ్లెవరివో ఇచ్చట చెప్పము. నలుగురము ఒక్క తెరముందే కూర్చుంటిమి, నలుగురము తలయూపితిమి.

రెండు దినములైన పిదప పెద్దమ్మ మనుమరాలు వచ్చి, “మా నానమ్మ పాట మోగుత లేదక్కా” అనెను. చూచితిమి. ఫైలున్నది, పేరున్నది, పరిమాణము మాత్రము సున్న. మాకు కాళ్లలో బలము పోయెను. ఆదివారము రాత్రి 2 గంటలకు పాటను మార్చు వేళకు డిస్కు పూర్తిగా నిండియుండెను. నిండిన డిస్కులో ఒక్కొక్కప్పుడు ఫైలుకు పేరు పెట్టుటకు వీలగును గాని, లోన నింపుటకు వీలుకాదు. డబ్బాకు చీటీ యంటించి పప్పు పోయకపోయినట్లు. మేము చీటీలను లెక్కించితిమి గాని మూతలు తీసి చూడలేదు. మూడు దినములు ఎవరికిని తెలియకపోవుటకు కారణమేమనగా, ఉన్నదానిని చదువుటకు క్రొత్త చోటక్కరలేదు, వ్రాయుటకే కావలెను. అందుచే పాత పాటలు మామూలుగా మ్రోగుచునే యుండెను. దినదినము సర్వరు మొత్తమునకు వేరొక ప్రతి తీయించుకొను సౌకర్యము కొద్దిపాటి అధిక రుసుముమీద లభించును. ఆ రుసుము మిగుల్చుకొనుటకు మేమే వద్దని యుంటిమి.

సద్దుల బతుకమ్మనాడు, అక్టోబరు 10వ తేదీని, నలుగురమును పెద్దమ్మ యింటికి పోయి తప్పు ఒప్పుకొంటిమి. ఆమె నవ్వి, “పోతే పోనీ బిడ్డా, పాటేమన్న పైసలా? మళ్ల పాడ్త, పట్టుకోండ్రి” అనెను. తలుపు మూసి, ఫ్యాను ఆపి, ఫోను పెట్టితిమి. ఆమె పాడెను. మూడు చెరువులు వరుసగా వచ్చినవి. నాలుగవ చెరువు పేరు రాలేదు. మరల మొదటినుండి యెత్తుకొనెను. కన్నులు మూసికొనెను, ఒక్కతెయే చప్పట్లు చరచి చూచెను. తుదకు చివరి చెరువు జ్ఞాపకము వచ్చెను గాని నడుమనున్న మూడును రాలేదు. “ఆనాడు అందరు అందుకుంటుంటె దానంతట అదే వచ్చింది బిడ్డా. ఒక్కదాన్నే కూసుంటె వస్తలేదు” అనెను. ఏడింట నాలుగే దక్కినవి. ఆమెయే మమ్ము ఓదార్చి, సత్తుపిండి చేతిలో పెట్టి పంపెను. మాకు మాత్రము ఆ రాత్రి అన్నము సహింపలేదు.

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లు, అప్పుడు కూర్చుండి లెక్క చూచితిమి. ఈసారి డీయూ ఆజ్ఞను డిస్కు మొదలునుండి, ఫోల్డరు తరువాత ఫోల్డరుగా, క్రిందికి దిగుచు నడిపితిమి. ఆనాడు మేము తుడిచిన 9 జీబీలు పోగా, సర్వరు తన స్వంతమునకు 4, ఎంపీ3లు ఒకటి, ఫొటోలు, డేటాబేసు కలిసి 2 జీబీలు తినుచున్నవి. ఇంతవరకు న్యాయమే. తక్కినది చూడగా ఆశ్చర్యము కలిగెను. చిట్టా యొకటి 4.5 జీబీలు, జర్నలు మరియొకటి 2, రాత్రిప్రతులు 1.25. ఇంటి దొంగను ఈశ్వరుడైనను పట్టలేడందురు. ఈ మూడును కలిసి 7.75 జీబీలను ఎవరి కంటను పడక మ్రింగి కూర్చున్నవి. అందులో నేదియు మాకు పనికివచ్చునది కాదు. ఊకను గాదెలో నిలిపి గింజను పారబోసితిమన్నమాట.

చిట్టా యన నేమో చెప్పెదము. మన సైటు తలుపు తట్టిన ప్రతివారిని సర్వరు ఒక వరుసగా వ్రాసికొనును: ఏ వేళ వచ్చిరి, ఎచ్చటినుండి వచ్చిరి, ఏ పుట నడిగిరి. దీనిని లాగు అందురు. వచ్చువారందరు మనుష్యులు కారు. వెదకు యంత్రములు, పుటలను పోగుచేయు యంత్రములు రేయింబవళ్లు తలుపు తట్టుచునే యుండును. ఒక్కొక్క వరుస చిన్నదే గాని, లక్షల వరుసలు చేరినప్పుడు కొండయగును. ఇట్టి చిట్టాలను దినదినము క్రొత్త కాగితమునకు మార్చి, పాతవానిని కుదించి, గడువు దాటినవానిని తీసివేయుటకు లినక్సులో లాగ్‌రొటేట్ అను ఏర్పాటు కలదు. వెబ్ సర్వరు తన వాడుక చొప్పున చిట్టా నుంచు ఫోల్డరును అది చూచుకొనుచునే యున్నది. మేము సౌకర్యమునకని మా సైటు చిట్టాను వేరొక ఫోల్డరులో పెట్టుకొంటిమి. ఊడ్చు మనిషికి చెప్పని గది యెట్లుండునో అట్లయ్యెను అది.

జర్నలనునది సర్వరు తన యంతరంగమున జరుగు పనులను వ్రాసికొను దినచర్య. హద్దు పెట్టనియెడల అది డిస్కులో పదవవంతు వరకు, పెద్ద డిస్కులో 4 జీబీల వరకు, పెరుగును. ఒక్క ఆజ్ఞతో దానిని 200 ఎంబీలకు తగ్గించి, ఆ హద్దునే స్థిరపరచితిమి. ఇక రాత్రిప్రతుల సంగతి తలచుకొన్నచో సిగ్గు కలుగును. డేటాబేసు భద్రతకని ప్రతిరాత్రియు దాని నకలు తీసి, ఆ డిస్కులోనే దాచుచుంటిమి. పాటలు అందులో లేనే లేవు. ఇల్లు కాలినచో ఇంటిలోని ఇనుపపెట్టెయు కాలును గదా. పైగా డిస్కు నిండిన రాత్రినుండి ఆ నకళ్లును సున్నలే.

చిట్టాను తుడిచినప్పుడు మరియొక పాఠము నేర్చితిమి. ఆర్‌ఎంతో దానిని తీసివేయగా, డీయూ లెక్కలో అది పోయెను గాని, డీఎఫ్ లెక్కలో చోటు పెరుగలేదు. కారణమిది: వెబ్ సర్వరు ఆ ఫైలును చేత పట్టుకొని యింకను వ్రాయుచునే యున్నది. పట్టికలోనుండి పేరు కొట్టివేసినను, లోననున్నవాడు గది విడువనంతవరకు గది ఖాళీ కాదు. వెబ్ సర్వరు నొకసారి ఆపి మరల మొదలిడగా చోటు వచ్చెను. ఇట్టి చిట్టాలను తుడిచివేయుటకంటె, ట్రంకేట్ అను ఆజ్ఞతో లోనున్నది ఖాళీచేసి ఫైలును నిలుపుట మేలు.

ఒక్కొక్కప్పుడు డిస్కులో చోటు కనబడుచున్నను చోటు లేదనును. ప్రతి ఫైలునకు ఐనోడు అను చీటీ యొకటి కావలెను. ఆ చీటీల సంఖ్యకును మితి కలదు. చిన్నచిన్న ఫైళ్లు లక్షలుగా పేరుకొన్నచో చీటీలు ముందుగా అయిపోవును. డీఎఫ్‌కు ‘ఐ’ గుర్తు చేర్చినచో ఆ లెక్క తెలియును. మరియు ఎక్స్‌ట్4 అను పద్ధతిలో సిద్ధపరచిన డిస్కు వాడుకగా నూటికి 5 వంతుల చోటును యజమాని కొరకు ప్రత్యేకించి దాచును. మా డిస్కులో అది 1.25 జీబీ. తక్కినవారికి చోటు లేనప్పుడును యజమాని లోనికి వచ్చి బాగుచేసికొనుటకు అది యుపయోగించును. “దానిని కూడ వాడుకొనరాదా?” యని యొకరు సలహా నిచ్చిరి. కొంగున ముడి వేసికొన్న రూపాయిని బజారు ఖర్చులో కలుపరాదని మేము దానిని ముట్టలేదు.

“ఇన్ని తంటాలేల, ఇంకొంచెము చోటు కొనరాదా?” యని మా యింటి పురుషులు అడిగిరి. న్యాయమైన ప్రశ్నయే. చోటునకు కొదువ యేమి? హైదరాబాదు చుట్టును పెద్ద పెద్ద డేటా కేంద్రములు లేచుచున్నవి. 2022 నవంబరులో అమెజాన్ వారు తమ క్లౌడు సేవకు హైదరాబాదు నొక ప్రాంతముగా తెరచిరి. సొమ్మున్నచో ఎంత చోటైనను దొరకును. కాని హద్దు లేని చిట్టా 25 జీబీలను పది నెలలలో నింపుటకు తోడ్పడినది, 50 జీబీలను మరికొన్ని నెలలలో నింపును. అటుక పెద్దదైనంత మాత్రమున పనికిరాని సామాను తగ్గదని మనకు తెలియనిదా!

ఇప్పుడు మేము పాటించు క్రమము చెప్పెదము. ప్రతి యుదయమును సర్వరు తానే డీఎఫ్ లెక్క తీసి, నూటికి 80 దాటినచో మా నలుగురి ఫోనులకు కబురు పంపును. చిట్టాలు 14 దినములకు మించి యుండవు. ఫొటోలను ఎక్కించుటకు ముందే తగ్గింతుము. ఫోనులో 4 ఎంబీలున్న ఫొటో తెరమీద చూచుటకు 200 కేబీలైనను చాలును. పాత ప్యాకేజీలను, వాడని పాత కెర్నెళ్లను నెలకొకసారి తీసివేయుదుము. మూలప్రతులను సర్వరులో నుంచము. రెండు చిన్న హార్డు డిస్కులు కొని, ఒకటి మాలో నొకరి యింటను, రెండవది వేరొక బ్లాకులోని మరియొకరి యింటను ఉంచితిమి. ఏ పాటనైనను తుడుచుటకు ముందు ఇరువురు వేర్వేరుగా, మిగులబోవు ప్రతిని మొదటినుండి తుదివరకు చెవులతో వినవలెను. పేరు చూచుట వినుట కాదు. పండుగనాడు, పిల్లలు అరచుచున్న వేళ, దేనిని తుడువరాదు.

మా కాలనీకి కొద్ది దూరములోనే పటాన్‌చెరువులో ఇక్రిశాట్ సంస్థ యున్నది. 1972లో స్థాపింపబడిన ఆ సంస్థలోని జన్యునిధిలో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుసెనగ, చిరుధాన్యముల నమూనాలు లక్షకు పైగా చల్లని గదులలో భద్రపరచియున్నవి. అంత జాగ్రత్త గలవారును తమ గదులనే నమ్ముకొని యూరకుండలేదు. ఆ విత్తనముల నకళ్లను ఉత్తరధ్రువమునకు చేరువ నార్వే దేశపు స్వాల్‌బార్డులో, 2008లో తెరచిన విత్తనశాలకును పంపి దాచిరి. ఆ గోడ ప్రక్కగా బస్సులో ఎన్నిమార్లు పోతిమో! గింజను రెండు చోట్ల దాచవలెనన్న బుద్ధి అప్పుడు మాకు తోచలేదు.

ఇక మమ్ము నన్నిటికంటె బాధించు సంగతి యొకటి మిగిలినది. కంప్యూటరులో తెలుగు అక్షరములకు ఇంగ్లీషుకంటె ఎక్కువ చోటు కావలెను. ‘తెలుగు’ అను మాటను అది మూడు హల్లులుగను, మూడు స్వరపు గుర్తులుగను లెక్కించి, ఒక్కొక్కదానికి 3 బైట్ల చొప్పున 18 బైట్లలో వ్రాయును. ఇంగ్లీషు అక్షరమునకు ఒక్క బైటు చాలును. ఇంత యెక్కువయైనను, పెద్దమ్మ పాట మొత్తము వ్రాసినచో ఆరేడు కేబీలకు మించదు. మా చిట్టా మ్రింగిన చోటులో అట్టి పాటలు ఆరు లక్షలు పట్టును! ఆ ఆదివారమునాడు ఒక గంట కూర్చుండి, ఆమె పలికిన ఏడు చెరువుల పేర్లను వ్రాసికొన్నచో, స్వరము పోయినను పాట మిగిలియుండెడిది. కాగితముమీద వ్రాసినను సరిపోయెడిది. “శబ్దము పట్టితిమి గదా, వ్రాయుట తరువాత చూచుకొందము” అనుకొంటిమి. చోటు చాలదని చింతించిన మేము, చోటే అక్కరలేని పనిని చేయక విడిచితిమి.

ఇప్పుడు పాట పట్టిన దినమే మాటలు వ్రాయుచున్నాము. పాడినవారికి చదివి వినిపించి, తప్పులు దిద్దించుకొనుచున్నాము. అందువలన మరియొక లాభము కలిగినది. చదివి వినిపించునప్పుడు పెద్దలు, “ఇక్కడ ఇంకో మాటున్నది బిడ్డా” అని తామే చేర్చుచున్నారు.

2025 సెప్టెంబరులో బతుకమ్మ మరల వచ్చెను. ఈసారి పెద్దమ్మను గదిలో కూర్చుండబెట్టక, ముంగిట వలయములోనే ఎత్తుకొనుమని వేడితిమి. ఇరువదిమంది ఆడవారు అందుకొనిరి. మాలో నొకరు ఫోను పట్టుకొనిరి, ఒకరు నోటుపుస్తకము పట్టుకొనిరి. మూడు చెరువులు దాటెను. నాలుగవ చెరువు వచ్చుచోట ఆమె గొంతు ఒక్క క్షణము తడబడి, అంతలో ఆ పేరు దానంతట అదే నోటివెంట వచ్చెను. ఆమె ఆశ్చర్యముతో మావైపు చూచి నవ్వెను గాని పాట ఆపలేదు. అయిదవది, ఆరవది మాత్రము ఇప్పటికిని రాలేదు.

ఆ పాటను మా సైటులో ఎక్కించితిమి. అయిదవ చెరువు చోటను, ఆరవ చెరువు చోటను పంక్తులు ఖాళీగా నుంచితిమి. ఆందోలు, జోగిపేట ప్రాంతముల సోదరీమణులలో ఎవరి యమ్మమ్మకైనను, నానమ్మకైనను, తల్లిగారింటి దారిలో చెరువుల నడిగిన కూతురి పాట తెలిసియున్నచో, ఆమె చేత పాడించి, వెంటనే కాగితముమీద వ్రాసికొని, ఈ పత్రికకు పంప వేడుచున్నాము. ఆ రెండు పంక్తులకును చోటు సిద్ధముగ నున్నది.